ఆగిన తీగ

గోడ మీది ఫ్యాను తల అటు తిప్పి ఇటు తిప్పి, మధ్యలో ఒకచోట టక్కుమని ఆగి, ఏదో మర్చిపోయిన మనిషిలా కాసేపు నిలబడి మళ్లీ తిరుగుతోంది, అది ఆగిన ప్రతిసారీ చిన్నకోడలి వేళ్లు కూడా సంచి పట్టీ మీద ఆగిపోతున్నాయి, నడుస్తున్నది ఏదైనా మధ్యలో ఆగితే ఆమెకు పళ్లు పులిసినట్టు ఉంటుంది, మామగారి నుంచి అంటుకున్న జబ్బు అది, ఆయన పోయినా జబ్బు పోలేదు. నూనె బావుల కంపెనీ ఆఫీసులో, లోపలి గదిలో, బావగారు నవ్వుతున్నారు. ఆ నవ్వు ఆమెకు తెలుసు, కొనేవాళ్ల ముందు మాత్రమే నవ్వే నవ్వు, ఇంట్లో ఎవరూ విని ఎరగరు. పిలుస్తాను అప్పుడు రా అమ్మాయ్ అన్నారు కారు దిగుతూ, వచ్చి రెండు ముక్కలు చెప్పి సంతకం పెట్టు చాలు. ఆ రెండు ముక్కలూ దారి పొడుగునా కారులోనే నేర్పించారు, పసిపిల్లకి ఎక్కాలు నేర్పినట్టు. తీగ మిల్లులో ఉన్నప్పుడు బాగుంది, రెండు కొసలూ పరీక్షకు తట్టుకున్నాయి. లాగినవాడు లాగాల్సినదానికన్నా ఎక్కువ లాగాడు. మొదటి ముక్క ఆమె చెప్పగలదు, కొసలు మెలిపెట్టి చూసింది ఆమే, రోజూ చూసేది ఆమే. రెండో ముక్క దగ్గరే నాలుక పైకి అంటుకుపోతోంది, లాగినవాడిని ఆమె చూడలేదు కదా, చూడని మనిషి మీద చూడని తప్పు వేయడమెలా, అనుకుంటూ తల తిప్పితే లాగినవాడు బల్లకి అటు చివర కూర్చుని ఉన్నాడు.

ఎవరూ చెప్పకుండానే ఆయనేనని తెలిసింది. ఎడమ చెంప మీద చెవి దాకా ఒక గీత, కుట్లు విప్పినా ఇంకా ఎర్రగానే ఉంది, తెగిన తీగ వెనక్కి కొట్టిన దెబ్బ. సన్నటి తీగ అది, స్వెట్టర్ అల్లే సూది లావు కూడా ఉండదు, పొడవు మాత్రం మైళ్లు, నూనె బావి లోపలికి పనిముట్లని దించేది, పైకి లాగేది ఆ ఒక్క తీగే. బావి అంటే నీళ్ల బావిలా నోరు తెరుచుకుని ఉండదు, అరచెయ్యి పట్టేంత గొట్టం, భూమిలోకి ఎంత దూరం పోయిందో కంటికి కనపడదు, కాబట్టి తీగ చెప్పిందే నమ్మాలి, తీగ బిగుసుకుంటే కింద ఏదో పట్టుకుందని, సడలితే వదిలిందని, లారీ మీద తీగ చుట్టే యంత్రం, వించి, దగ్గర కూర్చున్నవాడు ఒక చెయ్యి పిడి మీద, ఒక కన్ను బరువు చూపించే ముల్లు మీద ఉంచి లాగుతాడు. ఆ రోజు తీగ తెగింది. పనిముట్టు అడుగుకి పడింది, దాని మీద తెగిన తీగ చుట్టలు చుట్టలుగా పడింది, కొక్కేలు వేసి అదంతా బయటికి తీసేదాకా బావి మూతపడింది, ఎవరో ఒకరు తప్పు చేశారని తేలాలి కదా, వించి మనిషిని పిడి ముట్టుకోవద్దని ఇంటికి పంపేశారు. ఇవాళ ఈ గదిలోంచి వచ్చే కాగితం బట్టి ఆయన మళ్లీ వించి ఎక్కుతాడు, లేదా ఇక ఏ బావి దగ్గరా ఎవరూ ఎక్కనివ్వరు. ఈ పనిలో ఒకసారి చెయ్యి బరువైనవాడన్న మాట పడితే, అది మనిషికన్నా ముందే అన్ని బావుల దగ్గరికీ చేరిపోతుంది.

ఆమె చూస్తోందని ఆయన గమనించాడు. చెంప తడుముకుని, "భయపడకమ్మా. మా ఆవిడ అంటోంది, ఇన్నేళ్లకి నీ మొహానికో కళ వచ్చిందని," అన్నాడు.

నవ్వాలో వద్దో తెలియక ఆమె సంచి వైపు చూసింది. మీరు పరీక్షలు చేసే చోటు నుంచి వచ్చారా అని అడిగాడు. కాదు, తీగ మిల్లు నుంచి, అంది, అంటూనే తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది. ఇప్పుడు లేచి అటు వెళ్లిపోతాడనుకుంది, నేనైతే వెళ్లిపోయేదాన్ని, నేనైతే మొహం తిప్పుకునేదాన్ని. ఆయన కాస్త దగ్గరికి జరిగి, కాళ్ల దగ్గర పెట్టుకున్న టిఫిన్ డబ్బా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అయితే మీకే చూపించాలి," అంటూ మూత తీశాడు. మెత్తటి గుడ్డలో, నగ దాచినట్టు, జానెడు తీగ ముక్క. తెగిన కొస. బావిలోంచి తీసినప్పుడు తుప్పూ బురదా పట్టి అసహ్యంగా ఉందట, పెద్దవాళ్ల చేతికి అలా ఇస్తే ఏం బాగుంటుందని కిరసనాయిల్లో నానబెట్టి, గరుకు కాగితంతో ఓపిగ్గా రుద్దాడట, ఇప్పుడు చూడండి ఎలా మెరుస్తోందో. మెరుస్తోంది. చెంచా వెనకవైపులా మెరుస్తోంది. తెగిన కొసే కదా మాట్లాడేది, ఎక్కువ లాగితే కొస దగ్గర సన్నబడి తెగుతుంది, లోపల జబ్బు ఉంటే మొద్దుగా పుటుక్కుమంటుంది, ఆ మాటంతా ఈ మనిషి మర్యాద కోసం తుడిచేశాడు. లోపల బావగారు ఈ ముక్క చూసి ఏమంటారో ఆమె చెవిలో ఇప్పుడే మోగుతోంది, చూశారా, సన్నబడిన గుర్తు కనపడకుండా రుద్దేశాడు, తప్పు లేనివాడు రుద్దుతాడా. ఒక్క మాట చాలు. శుభ్రంగా ఉండాలనుకున్నందుకు మునిగిపోతాడు.

ప్రతి పనికీ ముందు కొస కోసి పడేస్తామమ్మా, ఆయన చెబుతున్నాడు, కోసిన ముక్కని మెలిపెట్టి చూస్తాం, ఎన్ని మెలికలకి తెగుతుందో చూసుకున్నాకే దించుతాం, మీ తీగ ఎప్పుడూ మాట తప్పలేదు. మీ తీగ. ఆ మాట ఆమెకు చెంప మీద గీతలా తగిలింది. మీ తీగ అని ఎంత నమ్మకంగా అన్నాడు, మీ అమ్మాయి బాగా చదువుతోంది అన్నట్టు అన్నాడు. ఆ రోజు ముల్లు ఎక్కడుందని అడిగింది, పరీక్ష చేసేటప్పుడు వచ్చే గొంతుతో, సిగ్గులేని గొంతుతో. ఆయన అరచెయ్యి గడియారంలా పట్టుకుని వేలితో చూపించాడు, ఇక్కడ. ముల్లు దాటకూడని ఎర్ర గీతకి చాలా ఇవతల. అబద్ధం చెప్పేవాడైతే గీత దగ్గరగా చూపించి కాస్త దాటిందేమో అనైనా అనేవాడు. ఇంత ఇవతల చూపించడానికి మనిషి పిచ్చివాడైనా అయ్యుండాలి, నిజమైనా చెబుతూ ఉండాలి.

ఐతే తీగదే. తీగదైతే మిల్లుది, మిల్లుదైతే బావగారిది, బావగారిదైతే, అక్కడికి వచ్చేసరికి ఆలోచన గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నట్టు నెమ్మదించింది. బావగారు చెడ్డవారైతే ఎంత సులువుగా ఉండేది. చిన్నకోడలు మిల్లులోకి వెళ్లడమేంటి, నూనె చేతులేంటి అని అత్తగారి అక్కచెల్లెళ్లంతా బుగ్గలు నొక్కుకున్నప్పుడు, ఇంట్లో గరిటె తిప్పితే లేని తప్పు మిల్లులో పిడి తిప్పితే వచ్చిందా అని అడిగింది ఆయనే. పరీక్షల గదికి తాళం చెవి ఆమె చేతికి ఇచ్చిందీ ఆయనే. పిల్లకి జ్వరం వస్తే ఆమె గదిలోంచి వచ్చేదాకా ఒళ్లో వేసుకుని కూర్చున్నదీ ఆయనే. ఆయన ఎదుట ఆమె ఇన్నేళ్లలో గట్టిగా మాట్లాడింది లేదు, కూర్చోమంటే కుర్చీ అంచునే కూర్చుంటుంది, లెమ్మనకముందే లేస్తుంది, మౌనవ్రతం అని ఆయన పెట్టిన పేరుతోనే ఇంటిల్లిపాదీ పిలుస్తారు, మౌనవ్రతం టీ తాగిందా, మౌనవ్రతానికి చీకటి పడకముందే కారు పంపండి. ఈ ఆర్డరు పోతే మిల్లు సగం రోజులు నడవదు, అది కూడా కారులోనే చెప్పారు, బెదిరింపులా కాదు, దారిలో ఊళ్ల పేర్లు చెప్పినట్టు చెప్పారు. నీ ఇష్టం, నీకేది తోస్తే అది చెయ్యి, అన్నాడు భర్త పొద్దున. ఆయనెప్పుడూ అంతే, ఇష్టమంతా ఆమె మీద పెట్టి తను నిద్రపోతాడు.

కిటికీ ఉంది కాబట్టి కిటికీలోంచి చూసింది. బయట వించి లారీ, డ్రమ్ము మీద మిగిలిన తీగ ఎండకి తళతళలాడుతోంది. గోడ పక్కన నీడలో పనివాళ్లు టీ తాగుతున్నారు, గ్లాసులు పెట్టుకోవడానికి బల్లలా, ఇంకా రంగు వెలవని పెద్ద చెక్క చక్రం ఒకటి పక్కకి పడేసి ఉంది, మిల్లు నుంచి తీగ చుట్టి పంపే చక్రమే, తీగ వించి డ్రమ్ము మీదికి ఎక్కించాక ఖాళీ చక్రాలు ఇలాగే బల్లలవుతాయి, పీటలవుతాయి, కోళ్ల గూళ్లవుతాయి. ఒకడు గ్లాసు తీశాడు. గ్లాసు కింద ఎర్రగా ఏదో. మరొకడు గ్లాసు తీశాడు. ఎర్రటి ముద్ర. బొటనవేలు.

మామగారి వేలు. కొత్త తీగ చుట్ట మొదలుపెట్టేటప్పుడు ఎర్ర రంగు డబ్బాలో వేలు ముంచి చక్రం మీద అద్దేవారు, ఎందుకని అడిగితే మనదని తెలియొద్దూ అనేవారు, ఆ వేలు అన్నం తినేటప్పుడు కూడా ఎర్రగానే ఉండేది, అత్తగారు విసుక్కునేవారు, చుట్టలకి పెట్టిన ముద్రలో సగమైనా పిల్లల నుదుటి మీద ముద్దుగా పెడితే బాగుండునని. ఆయన పోయాక ఆ డబ్బాలో రంగు ఎండిపోయింది, ఎవరూ వేలు పెట్టలేదు. ముద్ర ఉన్న చుట్టలన్నీ ఆయన ఉన్నప్పుడే అమ్ముడుపోయాయి. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి గోడౌన్‌లో మూల టార్పాలిన్ కింద ఉందని బావగారు అత్తగారికి మాటిచ్చారు, ఉంచుతాను అమ్మా, నాన్న గుర్తుగా ఉంచుతాను. ఆమె ఆ టార్పాలిన్ పక్క నుంచి రోజూ నడిచింది. ఎత్తి చూడలేదు. నాన్న గుర్తుని ఎవరైనా ఎత్తి చూస్తారా. ఇప్పుడు దాని కింద ఏముంది, పాత గోతాలా, ఖాళీ పెట్టెలా, ఆర్డరుకి ఒక చుట్ట తక్కువైన ఏ సాయంత్రం బావగారు అక్కడికి వెళ్లి నిలబడ్డారు, ఎంతసేపు నిలబడ్డారు.

మామగారు పోయిన రోజు ఆమె ఇంట్లో ఉంది. ఇల్లు మిల్లుకి ఎదురుగానే, మిల్లు నడుస్తుంటే వంటింటి అలమరాలో గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా వణుకుతూనే ఉంటాయి, కొత్తగా వచ్చినప్పుడు నిద్ర పట్టేది కాదు, తర్వాత ఆ వణుకు లేకపోతే నిద్ర పట్టేది కాదు. ఆసుపత్రి నుంచి మామగారిని తీసుకొస్తున్న బండి గేటు ముందుకి వచ్చింది, అందరూ వాకిట్లోకి పరుగెత్తారు, అత్తగారికి మంచినీళ్లు ఇద్దామని ఆమె అలమరా తెరిచింది, చెయ్యి గ్లాసు మీద ఉండగా గ్లాసులు ఆగాయి. అన్నీ ఒక్కసారే. ఇల్లంతా ఒక్కసారే. అలాంటి నిశ్శబ్దం ఆ ఇంట్లో ఆమె అంతకు ముందు వినలేదు, మనిషి పోయాడన్నది ఆ క్షణానే ఒంటికి తెలిసింది. తండ్రి గేటు ముందు ఉంటే మిల్లు అలా మోగుతూ ఉండటం బావగారు భరించలేకపోయారట, పరుగెత్తుకెళ్లి మెయిన్ స్విచ్ తన చేత్తో లాగేశారట, లాగి అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చారట. పనివాళ్లందరూ టోపీలు తీసి నిలబడ్డారు. యంత్రంలో చుట్ట సగంలో ఉంది. మామగారు ఆసుపత్రికి వెళ్లేముందు వేలు అద్ది వెళ్లిన చుట్ట, తర్వాత మిగతా సగం లాగి టార్పాలిన్ కింద దాచింది దాన్నే.

ఆగిన తీగ అమ్మకూడదు. అది మామగారి నోట ఆమె ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. లావు కమ్మీ ఏడు అచ్చుల్లోంచి, ఒకదాని వెనక ఒకటిగా, దూరుకుంటూ సన్నబడుతుంది, నడిచినంతసేపూ సబ్బు పొడి దాని ఒళ్లు కాపాడుతుంది, ఆగిందా, ప్రతి అచ్చు నోట్లోనూ వేడి మీద ఉన్న తీగ ఇరుక్కుని చుట్టూ ఒక గీత పడుతుంది, అక్కడ పెళుసెక్కుతుంది. మిగతా సరుకైతే అక్కడికి కోసి అతికించవచ్చు, ఈ తీగకి అతుకు పనికిరాదు, మొదలు నుంచి చివరిదాకా ఒక్కటే అయ్యుండాలి, అందుకని ఆగితే చుట్ట చుట్టంతా పాత ఇనుము కింద తూకానికి పోవాల్సిందే. ఒకసారి కరెంటు పోయి ఆగిన చుట్టని, మామగారే దగ్గరుండి ముక్కలు చేయించారు, ఆ రాత్రి అన్నం తినలేదు, కానీ ముక్కలు చేయించారు. కొసలు పరీక్షకు ఎందుకు తట్టుకోవు, కొసలకి ఏ జబ్బూ లేదు, జబ్బంతా నడుమున ఉంది, ఆమె గదిలోకి వచ్చేవి కొసలే. లోతు తక్కువ బావుల్లో నడుము దాకా తీగ విప్పనే లేదు. లోతు బావి వచ్చింది, మొదటి గీత బావి పైన గిలక మీదికి వచ్చింది, వంగింది. అంతే. ముల్లు ఎర్ర గీతకి ఎంత ఇవతల ఉంటే ఏం.

మొదటి గీత. అంటే ఇంకా ఆరు. ఆమె వేళ్లు సంచి పట్టీ మీద ఆగాయి, ఈసారి ఫ్యాను ఆగినందుకు కాదు. తెగిన కొసని రుద్దితే రుద్దాడు, మిగతావాటిని ఎవరు రుద్దారు, అవి అక్కడే ఉన్నాయి, ఎండలో, డ్రమ్ము మీద, పై పొరల కిందే. బావగారికీ తెలుసు. తెలిసే డబ్బాలో ముక్క గురించి మాట్లాడతారు, డ్రమ్ము గురించి మాట్లాడరు. తెలియనట్టు ఉండటం ఆయనకి ఎంత కష్టమో కూడా ఆమెకు తెలుసు, తీగ జబ్బు అంటే తన చేత్తో లాగిన స్విచ్, తన ఏడుపే కదా, ఏడ్చినందుకు ఎవరినైనా నేరస్థుణ్ణి చేస్తారా. చెయ్యరు బావగారూ. ఏడ్చినందుకు కాదు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, అమ్మినందుకు. మీ ఏడుపు మీది, దాన్ని తీసుకెళ్లి ఈయన చెంప మీద ఎందుకు పెట్టారు. పరువంటారు, నాన్న పేరంటారు, ఆ పేరు మీద గ్లాసులు పెట్టుకుని టీ తాగుతున్నారు చూడండి, అదేం చెడిపోలేదు, ఎర్రగానే ఉంది. తాళం చెవి ఇచ్చారు, నిజమే, తాళం చెవి ఇచ్చింది తలుపు తియ్యడానికి కాదా. ఆర్డరు పోతే పోనివ్వండి. మిల్లు సగం రోజులు నడిస్తే సగం రోజులే నడవనివ్వండి, నడిచిన సగం ఆగకుండా నడుస్తుంది. ఇంట్లో ఇక నాతో మాట్లాడరా, నేనెప్పుడు మాట్లాడాను గనక మాట్లాడకపోతే దిగులు పడటానికి. ఈ ఆఖరి మాటకి ఆమెకు నవ్వొచ్చింది, లోపల్లోపలే, చాలా రోజులకి.

తలుపు తెరుచుకుంది. రా అమ్మాయ్, అన్నారు బావగారు, మీరూ రండి అన్నారు వించి మనిషితో, మర్యాదగానే. గదిలో బల్ల వెనక కూర్చున్న పెద్ద ఇంజినీరుకి వించి మనిషి మెరిసే ముక్కని గుడ్డతో సహా అందించాడు, ఇంకా మెచ్చుకుంటారేమోనన్నట్టు చూస్తూ, ఇంజినీరు దాన్ని వేళ్ల మధ్య తిప్పాడు. బావగారు అన్నారు, అచ్చం ఆమె చెవిలో మోగినట్టే, తప్పు లేనివాడు రుద్దుతాడా. వించి మనిషి మొహం నెమ్మదిగా తెల్లబోయింది, చెంప మీద గీత ఒక్కటే ఎర్రగా మిగిలింది. సంతకం చెయ్యాల్సిన కాగితం ఆమె వైపు జరిగింది. ఇంజినీరు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు, అంచున కూడా.

"కొసలు బాగున్నాయి," అంది. గొంతు సన్నగానే వచ్చింది, రానీ. "ఈ ముక్క వదిలెయ్యండి. డ్రమ్ము మీద తీగ విప్పించండి, నేను చూడాలి."

ఎందుకు విప్పడం, అవసరం లేదు, అన్నారు బావగారు నవ్వుతూ, కొనేవాళ్ల ముందు నవ్వే నవ్వు. విప్పితే పోయేదేముంది, అన్నాడు ఇంజినీరు, లేచాడు. వరండాలో బావగారు ఆమె పక్కకి వచ్చారు, ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె కన్నా ఒక అడుగు వెనక నడుస్తున్నారు. "అమ్మాయ్," అన్నారు మెల్లగా, నవ్వు లేదు, కొనేవాళ్ల ముందుదీ కాదు ఇంట్లోదీ కాదు, గేటు ముందు బండి ఆగిన రోజు గొంతు అది. "అది నాన్న చుట్ట."

"తెలుసు బావగారూ. అందుకే."

ఎండ మొహం మీద కొట్టింది. టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని పక్కకి జరిగారు, చక్రం ఖాళీ అయింది, ముద్ర మీద గ్లాసుల అడుగుల తడి వలయాలు. లారీ మీదికి ఎవరో కుర్ర ఆపరేటరు ఎక్కబోయాడు. ఆయన విప్పాలి, అంది చిన్నకోడలు, ఇంజినీరు వైపు చూసి. ఇంజినీరు బావగారి వైపు చూశాడు, బావగారు చక్రం వైపు చూస్తున్నారు. సరే అన్నట్టు చెయ్యి ఊపాడు ఇంజినీరు. వించి మనిషి మెట్టు మీద కాలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని పిడి పట్టుకున్నాడు, చెయ్యి బరువైనవాడు అలా పట్టుకోడు, నిద్రపోయే పిల్ల వేలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. డ్రమ్ము కదిలింది. తీగ ఆమె దగ్గరికి వచ్చింది, నూనెతో, ఎండ వేడితో, ఆమె దాన్ని రెండు వేళ్ల మధ్య పోనిస్తూ బొటనవేలి గోరు ఆనించి నిలబడింది, నున్నగా, నున్నగా, మామగారి చుట్ట ఎంత నున్నగా ఉంది, ఎంత మంచి తీగ ఇది, ఎంత బాగా మొదలుపెట్టారు, గ్లాసులు వణుకుతున్నట్టు తీగ వేళ్ల మధ్య సన్నగా వణుకుతోంది, బావగారి ఊపిరి వెనకే వినిపిస్తోంది, ఇంకొంచెం, నున్నగా, ఇంకొంచెం, తగలకపోతే అన్న భయం ఒకటి లేచి కూర్చోబోయింది, కూర్చోనివ్వలేదు.

గోరు ఆగింది.

చెయ్యి ఎత్తింది. డ్రమ్ము ఆగింది. తీగ చుట్టూ ఉంగరంలా, వెంట్రుకంత గీత. ఇంజినీరు వంగి గోటితో చూశాడు, ఒకసారి, మళ్లీ ఒకసారి. బావగారు రాలేదు, ఉన్నచోటే ఉండి, చక్రం మీది ముద్ర పైన తడిని చొక్కా చేతితో తుడుస్తున్నారు. చాలమ్మా, అన్నాడు ఇంజినీరు, చాలు, తెలిసింది. ఆమె తీగ వదలలేదు. ఇది ఒక్కటే అనుకుంటారు రేపు, దెబ్బ తగిలిందంటారు, గీసుకుందంటారు, ఎవరి నోటికీ ఆ అవకాశం మిగలకూడదు, ఇవాళ మొదలుపెట్టింది మధ్యలో ఆపేది లేదు.

"అన్నా," అంది వించి వైపు తలెత్తి, ఈసారి గొంతు గేటు దాకా వినపడింది, "ఇంకా అయిదు ఉన్నాయి. ఆపకండి."